పదిమంది చేతులు పడితేనే అయ్యే పని

ఎన్‌ఎస్‌ఎస్ క్యాంపు గానీ, వేసవి శిబిరం గానీ, ఊళ్లో యువజన సంఘం గానీ, పదిహేను పదహారేళ్ల పిల్లలు ఒకచోట చేరితే పెద్దలకు ముందుగా గుర్తొచ్చేవి పోటీలే. మ్యూజికల్ చైర్స్, క్విజ్, తాడు లాగుడు, చివర్న బహుమతులు, గ్రూప్ ఫొటో. దీంతో పిల్లలకు కలిసి పనిచేయడం అలవడుతుందని నమ్ముతాం. కానీ మ్యూజికల్ చైర్స్‌లో పాట ఆగిన ప్రతిసారీ ఒకరిని బయటికి పంపడమే ఆట. తోసుకుని కూర్చోలేని బిడియస్తులు ముందే అవుటై, మిగతాసేపంతా గోడవార నిలబడి చూస్తుంటారు. ఎవరిని కలుపుకోవాలో వాళ్లనే మొదట పక్కన పెట్టే ఆటతో జట్టు ఎలా తయారవుతుంది? ఒక్కరి వల్ల కాని పని, నిజంగా అవసరమైన పని చేతికిచ్చి బాధ్యత కూడా అప్పగిస్తేనే పిల్లలు ఒకటవుతారు.

దీనికి గట్టి ఆధారమే ఉంది. 1954లో మనస్తత్వ శాస్త్రవేత్త ముజఫర్ షెరీఫ్ అమెరికాలోని ఒక్లహామా రాష్ట్రంలో, రాబర్స్ కేవ్ అనే చోట 22 మంది బాలురతో శిబిరం నడిపారు. వాళ్లను ఈగిల్స్, రాట్లర్స్ అని రెండు జట్లు చేసి, బహుమతులు ఆశపెట్టి పోటీలు నిర్వహిస్తే, కొద్ది రోజుల్లోనే ఒకరి జెండా ఒకరు తగలబెట్టుకునే దాకా వెళ్లింది. తర్వాత రెండు జట్లనూ ఒకేచోట భోజనానికి కూర్చోబెట్టారు, సినిమా చూపించారు. పగ తగ్గకపోగా అన్నాల దగ్గర తిండి విసురుకున్నారు. చివరికి శిబిరానికి నీళ్లు ఆగిపోయేలా చేస్తే అందరూ కలిసి లోపం వెతికారు. తిండి తేవాల్సిన ట్రక్కు కదలనప్పుడు, అంతకుముందు ఎదురెదురుగా నిలబడి లాగిన తాడునే దానికి కట్టి అందరూ ఒకే వైపు లాగారు. ఇలాంటి పనులు కొన్నిటి తర్వాత వైరం తగ్గింది. పక్కపక్కన కూర్చోబెట్టినప్పుడు రాని మార్పు, ఒకరి అవసరం మరొకరికి పడినప్పుడు వచ్చింది.

ఈ ప్రయోగం మీద విమర్శలు లేకపోలేదు. పరిశోధకులే తగాదాలు ఎగదోశారని రచయిత్రి గినా పెర్రీ 2018లో పుస్తకమే రాశారు. 1953లో షెరీఫే న్యూయార్క్ రాష్ట్రంలో ఇలాగే చేయబోతే, ముందే స్నేహితులైన పిల్లలు కొట్లాటకు దిగలేదు. ఈ విమర్శ న్యాయమైనదే. కానీ దాన్నిబట్టి తేలేదేమిటి? పిల్లలు పుట్టు శత్రువులు కారు, వాళ్లు కలిసేదీ విడిపోయేదీ చాలావరకు పెద్దలు చేసే ఏర్పాటును బట్టే అని. పైగా ఆధారం ఇదొక్కటే కాదు. 1971లో అమెరికాలోని ఆస్టిన్ నగరంలో నల్ల, తెల్ల, మెక్సికన్ మూలాల పిల్లలు ఒకే తరగతిలోకి వచ్చి గొడవలు రేగినప్పుడు, మనస్తత్వ శాస్త్రవేత్త ఎలియట్ ఆరన్‌సన్ పాఠాన్ని ముక్కలు చేసి ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చారు. పక్కవాడు చెప్పింది వింటేనే పాఠం పూర్తవుతుంది. దాంతో వెక్కిరింపులు తగ్గి, వినడం మొదలైంది.

ఇంటర్, ఎప్‌సెట్, జేఈఈ నెత్తిన ఉండగా ఇవన్నీ ఎందుకని తల్లిదండ్రులు అడుగుతారు. ఆ భయం అర్థం చేసుకోదగ్గదే. అయితే 2015లో పీసా అనే అంతర్జాతీయ పరీక్షల్లో, పదిహేనేళ్ల పిల్లలు కలిసి సమస్యలు పరిష్కరించే నేర్పును కొలిస్తే మొదటి స్థానం సింగపూర్‌ది. లెక్కల్లో, సైన్సులో ఆ ఏడాది మొదట నిలిచిందీ ఆ దేశమే. చదువుకూ సహకారానికీ పొసగదన్న మాట నిలవదు. అదే పరీక్షలో పాల్గొన్న ప్రతి దేశంలోనూ బాలికలు బాలురను మించారు. మన యువజన సంఘాల్లో ఆడపిల్లలను ముగ్గులకూ స్వాగత గీతాలకూ పరిమితం చేయడం ఎంత నష్టమో దీన్నిబట్టి తెలుస్తుంది. పోటీయే వద్దని నా వాదన కాదు. కబడ్డీలో కూతకెళ్లినవాడు ఎదుటివాళ్లలో ఒకరిని అవుట్ చేసి వస్తే, అవుటై బయట కూర్చున్న తోటివాడు మళ్లీ బరిలోకి వస్తాడు. ఇలాంటి నియమమున్న ఆట ఎంత ఆడించినా మంచిదే.

కాబట్టి క్యాంపులో ఒక పూట వంట పిల్లలకే వదిలేయాలి. అరవై మందికి అన్నం, పప్పు, కూర. ఎసట్లోకి ఎన్ని నీళ్లు, ఏ పొయ్యి ముందు వెలిగించాలి, కూరగాయలు ఎవరు తరగాలి అన్నీ వాళ్లే తేల్చుకోవాలి. పప్పు ఉడక్కపోతే అందరూ ఆకలితో కూర్చోవాల్సిందే. ఇద్దరు చేస్తుంటే మిగతావాళ్లు తప్పించుకుంటారనేది నిజమైన చిక్కే. అందుకే ఆరేడుగురి చొప్పున చిన్న బృందాలు కట్టి, ఎవరి పని వాళ్లకు విడిగా పంచి, నాయకత్వం రోజుకొకరికి మార్చాలి. 1907లో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో బేడెన్ పావెల్ స్కౌటింగుకు నాంది పలికింది కూడా వేర్వేరు వర్గాల కుర్రాళ్లను ఇలా చిన్న దళాలుగా కట్టి, దళానికొక కుర్ర నాయకుణ్ణి పెట్టే. నిప్పు, కత్తి దగ్గర పెద్దల కన్ను ఉండాలి. మిగతా పొరపాట్లు జరగనివ్వాలి. పని ముగిశాక ఎక్కడ తడబడ్డామో పిల్లలే అరగంట కూర్చుని మాట్లాడుకోవాలి.

క్యాంపులోనే కాదు, ఊళ్లోనూ ఇలాంటి బాధ్యత అప్పగించొచ్చు. వినాయక చవితి పందిళ్ల దగ్గర కుర్రాళ్ల చేత చందాలు వసూలు చేయించి, లెక్కలు మాత్రం పెద్దలే చూసుకోవడం మన ఊళ్లలో మామూలు. వచ్చే చవితికి రసీదు పుస్తకం, ఖర్చుల లెక్క అమ్మాయిలూ అబ్బాయిలూ ఉన్న బృందానికి అప్పగించి, నిమజ్జనం మర్నాడు ఆ లెక్కను వీధి అందరి ముందూ వాళ్ల చేతే చదివించండి. పెద్దలు చేయాల్సిందల్లా వాళ్లను నమ్మి పక్కన నిలబడటమే.