75కీ 73కీ మధ్య

అమెరికాలో వారాంతంలో నలుగురు తెలుగువాళ్లు కలిస్తే బిర్యానీ దమ్ అయ్యేలోగా మాట "మెరిట్" మీదికి మళ్లుతుంది. ఇండియాలో రిజర్వేషన్లు, ఇక్కడ డైవర్సిటీ. నష్టపోయేది ఎప్పుడూ మనమేనట. 2025 జూన్‌లో ఏమ్స్ కేసు తీర్పు వచ్చాక ఈ మాటలకు ఊపొచ్చింది. మెజారిటీ వర్గంవాళ్లు వివక్ష కేసు వేస్తే అదనంగా రుజువులు చూపాలన్న కొన్ని అప్పీలు కోర్టుల షరతును అందులో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కొట్టేసింది. మంచి తీర్పే.

అయితే మనవాళ్లు చదవాల్సిన కేసు మనవాళ్లు ఇంతమంది ఉంటున్న శాంటా క్లారా కౌంటీదే. 1979లో అక్కడి రోడ్ల విభాగంలో డిస్పాచర్ ఉద్యోగం ఖాళీ అయింది. ఇంటర్వ్యూలో పాల్ జాన్సన్‌కు 75, డయాన్ జాయిస్‌కు 73. ఉద్యోగం జాయిస్‌కు వచ్చింది. ఆ తరగతి ఉద్యోగాలు 238 ఉంటే ఒక్కదాంట్లోనూ ఆడవాళ్లు లేరు. జాన్సన్ కోర్టుకెక్కాడు, 1987లో సుప్రీంకోర్టు 6–3తో కౌంటీనే సమర్థించింది.

ఆ రెండు మార్కులు మనకు గుచ్చుకుంటాయి. కానీ మొదటి స్థానం జాన్సన్‌దీ కాదు. రెండో స్థానం, అదీ మరొకరితో కలిపి. తర్వాత రెండో ఇంటర్వ్యూ చేసిన ముగ్గురూ జాన్సన్ పేరే చెప్పారు. వాళ్లలో ఒకాయన జాయిస్ పాత సూపర్‌వైజర్. ఆ విభాగంలో రోడ్డు పనిలో చేరిన మొదటి మహిళ జాయిస్. మగవాళ్లందరికీ మామూలుగా ఇచ్చే పని దుస్తులు ఆమెకు ఇవ్వలేదు. నాలుగుసార్లు బట్టలు పాడయ్యాక లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేస్తే మర్నాడే నాలుగు జతలొచ్చాయి. తూకం వేసేవాడి చెయ్యి కూడా చూడాలి కదా!

ఆ చెయ్యి ఇప్పుడు మనది కూడా. 2024 అక్టోబరులో లాస్ ఏంజెలెస్‌లో ఒక ఫెడరల్ జ్యూరీ, కాగ్నిజెంట్ కంపెనీ భారతీయేతర ఉద్యోగుల పట్ల వివక్ష చూపిందని తేల్చింది. మన పార్టీల్లో ఈ కేసు ఊసే రాదు. 1964 పౌరహక్కుల చట్టం జాతీయ మూలం ఆధారంగా వివక్ష కూడదంటుంది. యాసను చూసి మనల్ని తీసేసినవాణ్ని నిలదీసేదీ, ప్యానెల్లో తెలుగులోనే మాట్లాడుకుని మన కాలేజీ కుర్రాణ్ని ఎంచుకునే మేనేజర్‌ను నిలదీసేదీ అదే చట్టం.

మన సంఘం ఉద్యోగాల వాట్సాప్ గ్రూపులోనూ "మనవాళ్లయితేనే చెప్పండి" అంటూ పోస్టులు వస్తున్నాయి. ఇకమీదట వాటిని తీసేయమని అడ్మిన్లకు చెప్పాం. కోపం వచ్చినవాళ్లు మాకు రాయండి, వచ్చే సంచికలో వేస్తాం.