పేరున్న సీసా, పేరులేని దుప్పటి

సారా అంగళ్ళు మూయించిన ఆడవాళ్ళం మనం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకున్న ఆ పోరు రాష్ట్రమంతా పాకింది. అలాంటి మనతో ఫ్రెంచివాళ్ళ ద్రాక్షసారా గురించి మాట్లాడతానంటే "ఈవిడకేమొచ్చింది?" అనుకుంటారు. తాగమని చెప్పటం లేదు లెండి. సీసాలో ఉన్నదాన్ని వదిలేసి, సీసాకి అంటించిన కాగితం చదవమంటున్నాను. మన ఎమ్మిగనూరు దుప్పటికీ, ఆదోని పత్తికీ పనికొచ్చే సంగతి ఆ కాగితంలో ఉంది.

దానిమీద 'షాంపేన్' అని ఉంటుంది. సినిమాలో డబ్బున్న వాళ్ళు బుస్సున పొంగించే పానీయం పేరు అదని మనం అనుకుంటాం. కాదు. అది ఒక ప్రాంతం పేరు. పారిస్‌కి తూర్పున ఎపెర్నే పట్టణం చుట్టుపక్కల పరుచుకున్న సుద్దనేల, సుమారు 34 వేల హెక్టార్ల ద్రాక్షతోటలు. ఆ హద్దు లోపల పండిన ద్రాక్షతో చేసి, సీసాలోనే రెండోసారి పులియబెట్టి, కనీసం 15 నెలలు నిలవ ఉంచితేనే ఆ పేరు. గుత్తులు యంత్రంతో కోయకూడదు, చేత్తోనే కోయాలి. హద్దుకి అవతలివాడు అంతకన్నా బాగా చేసినా ఆ పేరు పెట్టుకోవటానికి వీల్లేదు. 1993లో ఓ పేరుమోసిన ఫ్రెంచి కంపెనీ తన సెంటుకి ఆ పేరు పెడితే అక్కడి కోర్టు మాన్పించింది. సెంటండీ! తాగేది కూడా కాదు.

"పేరులో ఏముందమ్మా, సరుకు బాగుంటే చాలు" అనే పెద్దమనుషులు మన చుట్టూ చాలామంది ఉన్నారు. శుభలేఖలో తమ ఇంటిపేరు తప్పు పడితే మాత్రం ఊరుకోరు. వారికి ఒక పాత కథ చెప్పాలి. షాంపేన్ రైతులకి ఆ పేరుని ఎవరూ బొట్టుపెట్టి పిలిచి ఇవ్వలేదు. 1910లో అక్కడి పంట దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. వ్యాపారులేమో బయటి ప్రాంతాల నుంచి చవక సరుకు తెప్పించి, దానికే షాంపేన్ పేరు తగిలించి అమ్ముకుంటున్నారు. కడుపు మండిన రైతులు 1911 జనవరిలో ఆ సరుకుని అడ్డుకుని మార్న్ నదిలో పారబోశారు. ఏప్రిల్‌లో ఆయ్ అనే ఊళ్ళో వ్యాపారుల గిడ్డంగులు తగలబడ్డాయి. సైన్యం దిగింది. హద్దు ఎక్కడ గీయాలన్న తగవు 1927 చట్టంతో గాని తెగలేదు. 1935లో దేశమంతటి ద్రాక్షసారాలకీ ఇలాంటి పేర్ల చట్టం వచ్చింది. నిప్పు పెట్టటం ఘనకార్యమని నేననను. కాని వాళ్ళు కొట్లాడింది గొప్పకోసం కాదు, కూటికోసం. వాళ్ళ లెక్కలో పేరంటే కిలో ద్రాక్షకి పలికే ధర.

ఇక మన గడపలోకి రండి. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారు చేనేతకారుల సహకార సంఘం పెట్టారు. నూలు అప్పుకి షావుకారి ముందు చెయ్యి చాచి, నేసిన గుడ్డని మళ్ళీ అదే షావుకారికి అతను చెప్పిన ధరకి ఇచ్చి వచ్చే నేతగాడికి, 'ఇది మన సంఘం, ఇది మన సరుకు' అనుకునే ధైర్యం వచ్చింది అప్పుడే. ఎమ్మిగనూరు దుప్పటి, ఎమ్మిగనూరు తువ్వాలు అని ఊరి పేరుతో అడిగి కొన్న ఇళ్ళు ఎన్నో. ఇవాళ బట్టల షాపులో అడిగి చూడండి. "హ్యాండ్‌లూమ్ బెడ్‌షీట్ మేడమ్" అంటాడు. ఏ ఊరిదయ్యా అంటే మొహం చూస్తాడు. అది మరమగ్గం మీద గంటల్లో దిగిన గుడ్డ కావచ్చు. కొన్ని రకాలు చేతిమగ్గానికే వదిలిపెట్టాలని 1985లో ఒక చట్టం చేశారు. మొదట 22 రకాలు అన్నారు, తరవాత వాటిని 11కి కుదించారు. దుప్పటి, తువ్వాలు ఇంకా ఆ పట్టీలోనే ఉన్నాయి. పట్టీలో ఉన్నాయి గాని, షాపులో ఉన్నాయా?

ఆదోని పత్తి సంగతీ అంతే. చుట్టుపక్కల నల్లరేగడి నేలల్లో ఆడకూలీలు వంగి వంగి తీసిన పత్తి ఆదోని యార్డుకి వస్తుంది, జిన్నింగు మిల్లులో గింజ వదిలించుకుంటుంది, బేళ్ళయి లారీ ఎక్కుతుంది. అక్కడితో ఊరి పేరు కూడా గింజతో పాటే రాలిపోతుంది. మీవారి చొక్కా మెడ వెనక చూడండి. ఎలా ఉతకాలో, ఎలా ఇస్త్రీ చేయాలో రాసి ఉంటుంది. పత్తి ఏ నేలదో మాత్రం ఉండదు.

"మనకీ చట్టముందిగా!" అంటారు. ఉంది. 1999లో చేశారు, 2003లో అమలులోకి వచ్చింది. డార్జిలింగ్ తేయాకుతో 2004లో మొదలయింది. మన పాత కర్నూలు జిల్లాలోదే, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న బనగానపల్లె మామిడికి 2017లో ఆ గుర్తింపు దక్కింది. సంతోషమే. అయితే గుర్తింపు వచ్చిన రోజు పేపర్లో ఫోటో, ఆఫీసు గోడకి పటం, స్వీట్లు పంచుకోవటం, ఇంతటితో పెళ్ళయిపోయిందనుకోవటం మన అలవాటు. ఊరి పేరు నమోదు కావటం ఒకటి. ఆ పేరు వాడుకునే హక్కుదారుగా రైతో, నేతగాడో తన పేరు నమోదు చేయించుకోవటం ఇంకొకటి. ఈ రెండోది చేయించేందుకు ఎవరైనా మగ్గం గుంట దాకా వెళ్ళారా అన్నదే నా ప్రశ్న.

ఇంకో పక్షపాతం వినండి. 1995లో అమలులోకి వచ్చిన ప్రపంచ వాణిజ్య ఒప్పందం ఊరి పేర్లకి రెండు పంక్తులు వేసి వడ్డించింది. ద్రాక్షసారాలకీ, ఘాటు మద్యాలకీ పై పంక్తి. 'షాంపేన్ లాంటిది' అని రాసినా తప్పే. గుడ్డకీ, పండుకీ, బియ్యానికీ కింది పంక్తి. కొనేవాళ్ళు మోసపోతున్నారని చూపిస్తేనే తప్పు. సీసాకి పట్టుబట్ట, నేతకి కొల్లాయి అన్నమాట! దీన్ని సరిచేయాలని మన దేశం ఏళ్ళుగా అడుగుతూనే ఉంది.

అయితే నా అసలు కోపం ఇది కాదు. పేరు రాగానే చేతులు మరుపున పడటం. ఆ షాంపేన్‌లోనే, చేత్తోనే కోయాలని చట్టం రాసుకున్న చోటే, 2023 కోతల కాలపు ఎండల్లో కొందరు కూలీలు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ ఏడాదే పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన 50 మందికి పైగా కూలీలని మనుషులు ఉండలేని చోట ఉంచి కోత కోయించినందుకు, 2025లో అక్కడి కోర్టు ముగ్గురిని దోషులని తేల్చింది. హద్దు గీసి నేలని కాపాడుకున్నవాళ్ళు, ఆ నేలమీద వంగిన నడుముని కాపాడలేకపోయారు.

మనం నవ్వటానికి లేదు. కోసిగి, ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల నుంచి ఏటా ఇళ్ళకి తాళాలేసి, పిల్లల్ని చంకనేసుకుని సుగ్గికి పోయే ఆడవాళ్ళని మనం చూడటం లేదా? గుంటూరు వైపు మిరప చేలల్లో కాయ కోసేది వాళ్ళే. గుంటూరు సన్న మిరపకి భౌగోళిక గుర్తింపు ఉంది, ఉండాల్సిందే. అలా పోయి వచ్చిన ఒకామెతో ఈ మాట చెబితే, "పేరు కాయకొచ్చెనా? మాకు సేతులమంటొచ్చెలేమ్మా" అని నవ్వేసింది. బడి మానేసిన ఆమె కూతురికి ఏ గుర్తింపూ రాలేదు.

షాంపేన్ సీసాల్లో ఒకదాని మీద 'వితంతువు' అనే అర్థమిచ్చే మాట ఉంటుంది తెలుసా? 1805లో, 27 ఏళ్ళకే భర్తని పోగొట్టుకుని ఆ వ్యాపారాన్ని చేతిలోకి తీసుకున్న క్లికో అనే ఆవిడ పేరది. రెండు వందల ఏళ్ళు దాటినా కాగితం మీద ఉంది. మరి పొద్దస్తమానం కండెలు చుట్టి, నూలు సరిచేసి, మధ్యలో అన్నం వండి, మళ్ళీ రాట్నం దగ్గర కూర్చునే నేతగాడి ఇల్లాలి పేరు ఎక్కడుంది? కూలి లెక్కలో కూడా లేదు. మగ్గం కూలి అంటే ఒక్క మనిషి కూలి అనే లెక్క.

కాబట్టి ఎమ్మిగనూరు నేతకి దాని ఊరి పేరే ఉండాలని నేను గట్టిగా అంటాను. ఆ పేరుతో వచ్చే ధరలో కండె చుట్టిన చేతికి వాటా ఉండాలని ఇంకా గట్టిగా అంటాను. రెండోది లేని మొదటిది ఉత్త పటం.

వంకాయ కొంటే పుచ్చు చూస్తాం. బంగారం కొంటే ముద్ర చూస్తాం. దుప్పటి దగ్గరే మొహమాటపడతాం. ఈసారి షాపులో అడగండి: ఏ ఊరిది, ఏ మగ్గానిది, ఏ సంఘానిది? జవాబు చెబితే, ఆ ఊరి పేరు బిల్లు మీద రాయమనండి. నిజమైతే రాయటానికి వాడికి బాధేమిటి? రాయనంటే ఆ దుప్పటి మడత అక్కడే పెట్టేసి రండి.