ప్రభుత్వ భూమే కదా అని ఊరుకుంటే

చరిత్ర ఉన్న నేలకు బిల్డరే శత్రువని, సర్కారు చేతిలో ఉన్నంతకాలం దానికి ఢోకా లేదని మనలో చాలామంది నమ్మకం. ఆ నమ్మకాన్ని వెంటనే వదులుకోవాలి. అమెరికాలో టెన్నెసీ రాష్ట్రం చాటనూగా నగరాన్ని ఆనుకుని మొకాసిన్ బెండ్ అనే నదీ వంపు ఉంది. ఆ దేశపు మొట్టమొదటి జాతీయ సైనిక పార్కులో దాన్ని కలుపుకోవడానికి 1950లోనే అక్కడి కాంగ్రెస్ చట్టం చేసింది. కలిసింది మాత్రం 2003లో, అదీ కొంత మేరకే. మధ్యలో గడిచిన 53 ఏళ్లలో ఆ నేలను దెబ్బతీసింది రియల్ ఎస్టేట్ వ్యాపారులు కాదు. రాష్ట్రం, కౌంటీ, నగరం తలా ఒక అవసరం చెప్పి తలా ఒక ముక్క వాడుకున్నాయి. బయట మిగిలిపోయిన ముక్కల భవితవ్యం ఇప్పుడు మళ్లీ చర్చకు వచ్చింది. ఈసారి కూడా తప్పు నిర్ణయం జరిగితే ఇంకో రెండు తరాల దాకా దాన్ని సరిదిద్దే వీలుండదు.

లుకౌట్ కొండ కొసన పాయింట్ పార్కులో నిలబడి కిందికి చూస్తే, టెన్నెసీ నది ఉన్నట్టుండి వెనక్కి తిరిగి, పాదం ఆకారంలో ఉన్న నేలను చుట్టుకుని పోతుంది. ఆదివాసులు తొడుక్కునే మొకాసిన్ చెప్పులా కనిపిస్తుందని ఆ పేరు. అట్లాంటా నుంచి కారులో రెండు గంటల దారి. రూబీ ఫాల్స్, రాక్ సిటీ చూడటానికి వారాంతాల్లో వెళ్లే తెలుగు కుటుంబాలు ఈ వంపును చూసే ఉంటాయి, ఫొటోలు తీసుకునే ఉంటాయి. ఆ ఫొటోలో పచ్చగా కనిపించేదంతా అడవి కాదు. అందులో గోల్ఫ్ మైదానం ఉంది, రాష్ట్ర ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది, నగరపు మురుగునీటి శుద్ధి కేంద్రం ఉంది.

ఆ నేల మీద మనుషులు తిరుగాడటం మొదలై సుమారు 12,000 ఏళ్లయింది. నది ఒడ్డున హాంప్టన్ ప్లేస్ అని పురావస్తు శాస్త్రవేత్తలు పిలిచే పెద్ద ఆదివాసీ గ్రామం ఉండేది. 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్లు ఈ ప్రాంతంలో అడుగుపెట్టినప్పటి వస్తువులు కూడా అక్కడ దొరికాయి. 1838లో చెరోకీ ప్రజలను సొంత గడ్డ మీద నుంచి తుపాకుల నీడలో పడమటికి తరిమినప్పుడు, వాళ్లలో కొన్ని బృందాలు ఈ వంపు మీదుగానే నడిచి బ్రౌన్స్ ఫెర్రీ రేవు దాటాయి. కన్నీటి బాటగా ప్రపంచానికి తెలిసిన ఆ దారి ఆనవాలు ఇప్పటికీ అక్కడ నేల మీద మిగిలి ఉంది. ఇది పూర్వీకుల శ్మశానం కూడా. ఈ సంగతి ఆదివాసీ తెగలు చెబుతూనే ఉన్నాయి. వాళ్ల మాటకు దక్కాల్సిన విలువ ఎన్నడూ దక్కలేదు.

చెరోకీలను తరిమిన పాతికేళ్లకు అంతర్యుద్ధం ఇక్కడికి వచ్చింది. 1863 సెప్టెంబరులో చికమాగా వాగు ఒడ్డున ఉత్తరాది, దక్షిణాది సైన్యాలు తలపడ్డాయి. చనిపోయినవారు, గాయపడినవారు, ఆచూకీ లేకుండా పోయినవారు అంతా కలిపి సుమారు 34,000 మంది. అంతర్యుద్ధంలో అంతకు మించిన నష్టం జరిగిన పోరు గెటిస్‌బర్గ్ ఒక్కటే. ఓడిన ఉత్తరాది సైన్యం చాటనూగాలోకి వెనుదిరిగింది. చుట్టూ ఉన్న లుకౌట్ కొండ, మిషనరీ రిడ్జ్ దక్షిణాది సేనల చేతిలోకి పోయాయి. తిండి వచ్చే దారులు మూసుకుపోయాయి. సైనికులకు రేషను సగానికి, తర్వాత ఇంకా తక్కువకు కోసేశారు. మేత లేక గుర్రాలు, కంచర గాడిదలు వేల సంఖ్యలో చచ్చిపోయాయి.

ఆ ముట్టడిని తెంచడానికి దారి దొరికింది ఈ వంపులోనే. అక్టోబరు 27 తెల్లవారకముందే, చీకట్లో, దాదాపు 1,500 మంది సైనికులు పడవల్లో తెడ్ల చప్పుడు కూడా చేయకుండా, శత్రువు కాపలా మంటలు వెలుగుతున్న ఒడ్డు పక్కనుంచే నది వెంట వంపు చుట్టూ జారుకుంటూ బ్రౌన్స్ ఫెర్రీకి చేరారు. మరో దళం అదే వేళకు వంపు మెడ మీదుగా నేల మార్గాన నడిచి వచ్చింది. రేవు చేతికి వచ్చింది, పడవల వంతెన పడింది, ఆకలితో ఉన్న సైన్యానికి ఎండు బిస్కెట్ల పెట్టెలు రావడం మొదలైంది. సైనికులు ఆ దారికి క్రాకర్ లైన్ అని పేరు పెట్టుకున్నారు. స్ట్రింగర్స్ రిడ్జ్ మీద మోహరించిన ఉత్తరాది ఫిరంగులు నదికి అవతల ఉన్న లుకౌట్ కొండ వాలును గురిపెట్టి శత్రువును కదలనివ్వలేదు. నెల తిరక్కుండా నవంబరు 24న లుకౌట్ కొండ, 25న మిషనరీ రిడ్జ్ ఉత్తరాది వశమయ్యాయి. దక్షిణాది నడిగడ్డలోకి, అట్లాంటాకు, దారి తెరుచుకుంది. ఆ ఫిరంగుల మట్టి దిబ్బలు, కందకాలు ఇప్పటికీ స్ట్రింగర్స్ రిడ్జ్ మీద కనిపిస్తాయి. పుస్తకంలో పటం ఎంత బాగా వేసినా, ఆ నేల మీద నిలబడి కొండ వైపు తలెత్తి చూడనివాడికి ఈ యుద్ధం సగమే అర్థమవుతుంది.

ఇలాంటి నేలను కాపాడాలన్న ఆలోచన అధికారులది కాదు. బాయింటన్, వాన్ డర్వీర్ అనే ఇద్దరు మాజీ సైనికులు తాము పోరాడిన మైదానానికి తిరిగి వచ్చి చూసి, రెండు పక్షాల వాళ్లూ ఎక్కడ నిలబడ్డారో రాళ్లు పాతి గుర్తు పెట్టాలని పూనుకున్నారు. నిన్నటి శత్రువులు ఒక్కచోట కూర్చుని దానికి ఒప్పుకున్నారు. 1890 ఆగస్టు 19న చికమాగా, చాటనూగా జాతీయ సైనిక పార్కు పుట్టింది. షైలో, గెటిస్‌బర్గ్, విక్స్‌బర్గ్ పార్కులన్నీ దీని వెనుక వచ్చినవే. తర్వాతి కాలంలో న్యూయార్క్ టైమ్స్ అధిపతి అడాల్ఫ్ ఆక్స్ కుటుంబం చొరవతో లుకౌట్ కొండ వాలులు పార్కులో కలిశాయి. కొండ దక్కింది. కొండ కింద ఉన్న వంపు దక్కలేదు.

ఎందుకు దక్కలేదో గమనించాలి. 1950 చట్టం 1,400 ఎకరాల దాకా పార్కులో కలుపుకోవడానికి అనుమతి ఇచ్చింది. అనుమతి ఇచ్చింది గానీ భూమి ఇచ్చేవాళ్లు ముందుకు రావాలి కదా. రాష్ట్రం ఆ భూమిని కేంద్రానికి అప్పగించలేదు. 1961లో ఆ వంపులో మానసిక ఆసుపత్రి తెరుచుకుంది. గోల్ఫ్ మైదానం వచ్చింది. పోలీసులు తుపాకీ శిక్షణకు చోటు చేసుకున్నారు. మరోపక్క దొంగలు రాత్రిపూట గడ్డపారలతో దిగి, సమాధులు తవ్వి, కుండలూ పూసలూ ఎత్తుకుపోయారు. ఎముకలను చిందరవందర చేసి పోయారు. కాపలా పెట్టాల్సింది ఎవరన్న ప్రశ్నకు మూడు కార్యాలయాల నుంచీ సమాధానం లేదు.

1986లో దీన్ని జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు. పేరు ఘనంగానే ఉంది. అయితే ఆ గుర్తింపు రాష్ట్రం చేతినో, నగరం చేతినో కట్టేయదు. కేంద్ర నిధులు, కేంద్ర అనుమతులు ముడిపడిన పనుల దగ్గరే అది అడ్డుపడగలదు. పాఠకులు దీన్ని బాగా గుర్తుంచుకోవాలి: బోర్డు పెట్టినంత మాత్రాన నేల భద్రం కాదు, పార్కు హద్దు దాని చుట్టూ గీస్తేనే భద్రం.

2003 ఫిబ్రవరిలో ఆ హద్దు గీశారు. సుమారు 750 ఎకరాలు మొకాసిన్ బెండ్ జాతీయ పురావస్తు ప్రాంతంగా సైనిక పార్కులో చేరాయి. ఆసుపత్రిని, గోల్ఫ్ మైదానాన్ని మాత్రం బయట పెట్టారు. ఆనాటి రాజీ అది. మరో దారి లేదనుకున్న వేళ చేసుకున్న రాజీని తప్పుపట్టడం లేదు. ఆసుపత్రి భవనాలు పాతబడ్డాక కొత్త ఆసుపత్రిని అదే వంపులో కట్టాలని రాష్ట్రం తలపెట్టడాన్ని మాత్రం తప్పుపట్టక తప్పదు. ఆదివాసీ తెగలు, పార్కు శ్రేయోభిలాషులు దాన్ని వ్యతిరేకించారు. వాళ్ల వైపే న్యాయం ఉంది.

ఆసుపత్రి వద్దని ఎవరూ అనడం లేదు. మానసిక రోగులకు మంచి వైద్యం, మంచి గదులు, గాలీ వెలుతురూ కావాలి. ఆలస్యం లేకుండా కావాలి. కానీ ఆసుపత్రిని చాటనూగా చుట్టుపక్కల మరో చోట కట్టవచ్చు. బ్రౌన్స్ ఫెర్రీ రేవును మరో చోట కట్టలేం. ఒకసారి కాంక్రీటు పోశాక ఆ భవనం యాభై, అరవై ఏళ్లు నిలుస్తుంది. దాని రోడ్లు, పైపులు, పార్కింగు, రేపటి విస్తరణలు అన్నీ ఆ నేలలోకే దిగుతాయి. 1961లో జరిగింది అదే.

ఇంకో అభ్యంతరం వినిపిస్తుంది. జాతీయ పార్కుల సంస్థకు ఉన్న పార్కులనే బాగుచేసుకునే స్తోమత లేదు, మరమ్మతుల బకాయి 2,000 కోట్ల డాలర్లు దాటింది, కొత్త భూమి ఎందుకని. బకాయి నిజమే. నది కోత కూడా నిజమే. ఒడ్డు విరిగిపడుతుంటే అడుగున ఉన్న చరిత్ర నీళ్లపాలవుతోంది, దాన్ని ఆపడానికి డబ్బు కావాలి. అందుకే భూమితో పాటు నిధులు, కాపలా సిబ్బంది, పురావస్తు నిపుణులు రావాలని పట్టుబట్టాలి. డబ్బు లేదన్న సాకుతో భూమినే వదిలేస్తే, రేపు డబ్బు దొరికినా కొనడానికి ఆ నేల ఉండదు.

ఆలస్యం ఎంత ఖరీదైనదో మనాసస్ చెబుతుంది. వర్జీనియాలో ఆ యుద్ధభూమి పక్కన 1988లో షాపింగ్ మాల్ కట్టడానికి బుల్‌డోజర్లు దిగాయి. ప్రజలు గొడవ చేస్తే కాంగ్రెస్ ప్రత్యేక చట్టంతో 542 ఎకరాలు స్వాధీనం చేసుకుంది. పరిహారం పది కోట్ల డాలర్లు దాటిపోయింది. మొకాసిన్ బెండ్‌లో ఆ బాధే లేదు. భూమి ఇప్పటికే ప్రజలది. ఒక ప్రభుత్వం నుంచి ఇంకో ప్రభుత్వానికి దస్తావేజు మారితే చాలు. అంత సులువైన పనికి అర్ధ శతాబ్దం పట్టింది.

పార్కులో చేరిన భూమి విషయంలోనూ నిద్రపోకూడదు. గెటిస్‌బర్గ్‌లో 1990లో రైలు మార్గం మార్చడానికని పార్కు ఏడెకరాల పైచిలుకు భూమిని స్థానిక కళాశాలతో మార్పిడి చేసుకుంది. తొలిరోజు పోరు జరిగిన గుట్టను యంత్రాలు కోసేశాక గానీ జనానికి తెలియలేదు. కాంగ్రెస్ విచారణ జరిగింది. గుట్ట తిరిగి రాలేదు.

ఇదంతా దూరదేశపు గొడవ అనుకునే తెలుగు పాఠకుడికి గోల్కొండ గుర్తుచేయాలి. ఔరంగజేబు 1656 ముట్టడి తర్వాత కుతుబ్‌షాహీలు రక్షణ కోసం కట్టుకున్న నయా ఖిల్లా ఆవరణలోనే ఇవాళ గోల్ఫ్ ఆడుతున్నారు. వారసత్వ కార్యకర్తలు ఎంత మొత్తుకున్నారో హైదరాబాదులో ఉన్నవారికి తెలుసు. రెండు దేశాల్లోనూ ఒకటే వరస. ఖాళీగా కనిపించిన పాత నేల అధికారి కంటికి వాడుకోని నేలగా కనిపిస్తుంది.

కాబట్టి అడగాల్సినవి స్పష్టంగా అడగాలి. ఆసుపత్రి భూమిలో కొత్త నిర్మాణం వద్దు. ఆసుపత్రి తరలిన రోజునే ఆ భూమి పార్కుకు చేరేలా ఇప్పుడే రాతపూర్వక ఒప్పందం కావాలి. గోల్ఫ్ మైదానం విషయంలోనూ నగరం, కౌంటీ అదే మాట ఇవ్వాలి. ఏ నిర్ణయమైనా చెరోకీ, మస్కోగీ తెగల ప్రతినిధులను ముందుగా కూర్చోబెట్టి మాట్లాడాకే జరగాలి, సంతకాలయ్యాక పిలిచి చెప్పడం కాదు.

ఇక ఆ పార్కుకు వెళ్లేవారికి ఒక హెచ్చరిక. నేల మీద తూటా కనిపించినా, బాణపు మొన కనిపించినా, కుండపెంకు కనిపించినా ముట్టుకోకండి, పిల్లలను ముట్టుకోనివ్వకండి. మెటల్ డిటెక్టర్ తీసుకెళ్లకండి. 1979 నాటి పురావస్తు రక్షణ చట్టం ప్రకారం కేంద్ర భూముల్లో తవ్వడం, ప్రాచీన వస్తువులు ఎత్తుకుపోవడం జైలుశిక్ష పడే నేరాలు. జ్ఞాపకంగా ఇంటికి తెచ్చుకున్న వస్తువు ఎవరి సమాధిలోదో మనకు తెలియదు. ఏదైనా కనబడితే ఉన్నచోటనే ఉంచి, రేంజర్‌కు చెప్పండి.

టెన్నెసీలో ఓటు హక్కు ఉన్న తెలుగువారు నాష్‌విల్‌లోనూ, మెంఫిస్‌లోనూ, చాటనూగాలోనూ ఉన్నారు. ఆసుపత్రి రాష్ట్రానిది, గోల్ఫ్ మైదానం నగరం, కౌంటీల చేతిలోది. నిర్ణయం వాషింగ్టన్‌లో కంటే ముందు మీ ఊళ్లో జరుగుతుంది. మీ రాష్ట్ర శాసనసభ్యుడికి, కౌంటీ కమిషన్‌కు, నగర మండలికి ఈ వారమే ఉత్తరం రాయండి. మొకాసిన్ బెండ్‌లో మిగిలిన ప్రభుత్వ భూమిని సైనిక పార్కులో కలపమని అడగండి. ఎప్పటిలోగా కలుపుతారో తేదీ చెప్పమనండి.