మూగసేవకుని ఋణము

గుంటూరు, ప్రకాశము జిల్లాల నల్లరేగడి పొలములలో తొలకరి చినుకు పడగానే రైతు మొదట తలచునది తన యెడ్లను. ఏరువాక పున్నమినాడు వాటిని కడిగి, కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టి, పూజించి నాగలి పూన్చుట తరతరముల ఆచారము. కనుమనాడును వాటికి మన్నన జరుగును. కాని యీ పండుగలు ఏటికి రెండు దినములు మాత్రమే. ఎద్దు ముసలిదై కాడి మోయలేని నాడు దాని గతి యేమి? సంఘసేవను గూర్చి మాటలాడువారు ఆలోచింపవలసిన ప్రశ్న యిది.

గుండ్లకమ్మ పరిసరములలో పుట్టి పెరిగిన ఒంగోలు జాతి పశువులు లోకప్రసిద్ధములు. తెల్లని మేను, ఎత్తైన మూపురము, వ్రేలాడు గంగడోలు వాటి లక్షణములు. 19వ శతాబ్దములో ఓడలపై బ్రెజిలు దేశమునకు చేరిన యీ జాతి, నెల్లూరు పేరు మీదుగా ‘నెలోర్’ అని పిలువబడుచు, అచట కోట్ల సంఖ్యకు పెరిగినది. పుట్టిన గడ్డపై మాత్రము తగ్గిపోయినది. గుంటూరు చెంత లాంలోని పశుపరిశోధనా కేంద్రము, ప్రకాశము జిల్లా చదలవాడలోని పశుక్షేత్రము ఈ జాతిని నిలుపుటకు ఏర్పడిన సంస్థలు.

ఈ తగ్గుదలకు కారణము రైతు కఠినహృదయము కాదు. ట్రాక్టరు వచ్చి దుక్కిపనిని తీసికొనినది. దానితోపాటు మేతయు కరవైనది. జొన్న వేసిన చేలో గింజ మనిషికి, చొప్ప పశువునకు దక్కెడివి. ప్రత్తి, మిరప పైరులు రొక్కము తెచ్చును గాని అట్టి మేతను ఈయవు. ప్రత్తికట్టె పొయ్యిలోనికి పోవును. కావున గడ్డిని వెలపెట్టి కొనవలెను. వాన తప్పిన యేట బిడ్డల కూటికే తడుముకొను కౌలురైతు, పని చేయలేని యెద్దును ఎట్లు మేపగలడు? కన్నీటితో దాని పలుపును పరుల చేతికి అప్పగించును.

అతనిని దయలేనివాడనుట సులభము. కాని ఆ దయకు వెల చెల్లింపవలసినవాడు అతడొక్కడేనా? ఆ యెద్దు దున్నిన చేలోని ప్రత్తి ఎవరెవరికో బట్టయైనది. ఆ బండి మోసిన మిరప ఎన్నో ఇండ్ల వంటలలో కలిసినది. ఫలమును పలువురు అనుభవించినపుడు ఋణమును పలువురు తీర్చవలెను. ఎద్దును అమ్మవద్దని చెప్పువాడు ఒక గడ్డిమోపును గూడ తెచ్చి యీయవలెను.

మనుష్యులే ఆకలితో నుండగా పశువులకు సేవ యేలయని కొందరు అడుగుదురు. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. అయితే పల్లెలో ఈ రెండు సేవలును వేరు కావు. రిండర్‌పెస్టు అను మారి ఒకప్పుడు మందలను తుడిచిపెట్టెడిది. వాటితోపాటు రైతుల బ్రతుకులును కూలెడివి. దాని నిర్మూలనకు మనదేశములో 1954లో ఉద్యమము ఆరంభమైనది. పశువైద్య సిబ్బంది ఊరూర తిరిగి టీకాలు వేసిరి. 2011లో ఆ వ్యాధి ప్రపంచమునుండియే తొలగినట్లు ప్రకటింపబడినది. అది పశువులకు జరిగిన సేవయా, మనుష్యులకు జరిగిన సేవయా? ఉభయులకును జరిగిన సేవయే.

రాజ్యసభలో రుక్మిణీదేవి అరండేల్ చేసిన కృషి ఫలముగా 1960లో జంతుహింసా నివారణ చట్టము వెలువడినది. 1962లో జంతుసంక్షేమ మండలి ఏర్పడినది. చట్టము కొట్టు చేతిని ఆపగలదు; పశువు ముందు గడ్డి వేయలేదు. అది ఊరి పని.

ఆ పని పెద్దదియు కాదు. ఊరుమ్మడి బీడులో పచ్చిక పెంచుట, పంటకాలమున తలకొక మోపు చొప్పున వామి వేసి కరవునాటికి నిలువ చేయుట, వేసవిలో నీటితొట్టిని నింపుట, పశువు జబ్బుపడినచో వైద్యునికి కబురు పంపుట, ఇవియే చాలును. ప్లాస్టిక్ సంచులలో ఎంగిలి కట్టి వీధిలో వేయకుండుట బడిపిల్లలకును చేతనైన సేవ. ఆ సంచులను మ్రింగిన ఆవులు ప్రాణములు కోల్పోవుచున్నవి.

ఎద్దు తన కష్టమును నోటితో చెప్పుకొనలేదు. పేదరైతు చెప్పుకొనుటకు సిగ్గుపడును. అడుగకమునుపే ఈ యిద్దరి అవసరమును గుర్తించి ఆదుకొను ఊరే సంఘసేవ యెరిగిన ఊరు.