గృహిణియైన పునీతురాలు: ఎలిజబెత్తమ్మ సీటను

పునీతుల చరిత్రములు వ్రాయువారిలో నొక యలవాటు గలదు. పునీతురాలు వివాహితయైనచో ఆ వివాహమును రెండు వాక్యములలో ముగించి, భర్త మరణించినతోడనే మఠము తలుపు తెఱచెదరు. సంసారము వీథియరుగు, మఠమే నడిమి యిల్లు అన్నట్లుండును వారి వ్రాత. ఎలిజబెత్తమ్మ సీటను విషయమున నీ పద్ధతి తగదని నా యభిప్రాయము. 1975వ సంవత్సరము సెప్టెంబరు 14వ తేదీన ఆఱవ పౌలు పోపుగా రామెను పునీతురాలిగా ప్రకటించిరి. అమెరికా సంయుక్త రాష్ట్రములలో జన్మించినవారిలో నీ గౌరవము నందిన మొదటి వ్యక్తి యామెయే. ఆమె కన్యాస్త్రీల సభను స్థాపించుట అందఱు నెఱిగినదే. కాని యా సభకు మూలమైన గుణము మఠములో నేర్చినది కాదు, రోగి పడకచెంత నేర్చినది.

ఆమె 1774 ఆగస్టు 28న న్యూయార్కు నగర ప్రాంతమున జన్మించెను. తండ్రి రిచర్డు బేలీగారు పేరుగన్న వైద్యులు. మూడేండ్ల ప్రాయముననే తల్లిని గోల్పోయెను. వారిది ఎపిస్కొపల్ శాఖకు చెందిన ప్రొటెస్టంటు కుటుంబము. 1794 జనవరి 25న, పందొమ్మిదవ యేట, విలియము మాగీ సీటను అను వర్తకకుమారుని వివాహమాడెను. అన్నా మరియా, విలియము, రిచర్డు, కాతెరీను, రెబెక్కా యని అయిదుగురు బిడ్డలు కలిగిరి. 1798లో మామగారు గతించగా, భర్తయొక్క సవతి తమ్ములను చెల్లెండ్రను పెంచు భారము కూడ నీ చిన్న యిల్లాలిపైననే పడెను. అటుపిమ్మట వ్యాపారము క్షీణించి దివాలా తీసెను. ఇందొక వింత గలదు. చిన్న పిల్లలు గల పేద వితంతువులకు సాయము చేయుటకై 1797లో ఆ నగరపు స్త్రీలు సంఘము నొకదానిని నెలకొల్పినప్పుడు దాని కోశాధికారిణి ఈమెయే. సుమారాఱేండ్లకు తానును నట్టి వితంతువే యయ్యెను.

భర్తకు క్షయరోగము. వాతావరణపు మార్పు మేలుచేయునను ఆశతో 1803లో ఆ దంపతులు పెద్దకూతురిని మాత్రము వెంటబెట్టుకొని, తక్కిన నలుగురిని బంధువుల యిండ్ల నుంచి, ఇటలీదేశపు లివోర్నో రేవునకు ఓడనెక్కిరి. న్యూయార్కులో పచ్చజ్వరము ప్రబలియుండుటచే రేవు అధికారులు వారిని ఊరిలోనికి రానీయక లజరెట్టో యను నిర్బంధగృహమున నుంచిరి. చలికాలము, సముద్రపుగాలి, ఇటుకనేల, తేమయెక్కిన గోడలు. దగ్గునకు ఊపిరాడని మనుష్యుని కది చెఱసాలకంటె హీనము. ఫిలిక్కీ సోదరులు, అనగా భర్తయొక్క వర్తకమిత్రులు, ఆహారమును, పడకసామగ్రిని, ఒక వృద్ధసేవకుని పంపిరి. ఆమె మంచముచెంత కూర్చుండి ప్రార్థనలు చదివెడిది, రోగిని లేపి కూర్చుండబెట్టెడిది. చలి భరింపరానప్పుడు పెట్టెకు గట్టిన త్రాటిని విప్పి యెనిమిదేండ్ల కూతురితో కూడి త్రాడాట ఆడి శరీరములను వెచ్చజేసికొనెడిది. ఆమెనుగూర్చిన గ్రంథములలో ధ్యానములనుగూర్చి పుటలు పుటలుగా నుండును. నాకు మాత్రము ఆ త్రాడాటయే మఱవరానిది. మరణము గడపలో నిలిచియుండగా బిడ్డ భయపడకుండ దానితో నాడుటకు ఎంత గుండె కావలయును! సుమారొక నెలకు నిర్బంధము తీఱెను. వారము దాటినంతనే, డిసెంబరు 27న, పీసా నగరమున భర్త కన్నుమూసెను. ఆమె వయస్సు ఇరువదితొమ్మిది.

ఫిలిక్కీవారి యింటిలో నున్న మాసములలో ఆమె కథోలిక విశ్వాసమును దగ్గఱగా చూచెను. దివ్యసత్ప్రసాదమునందు క్రీస్తు నిజముగా నున్నాడను బోధ ఆమె హృదయమును పట్టెను. వాదమునకు లోబడి మతము మారినదని కొందఱందురు గాని, వాదములు ఇరువైపులనుండియు వచ్చినవి. 1804లో స్వదేశమునకు తిరిగి వచ్చిన పిమ్మట ఆమె పూర్వగురువగు జాన్ హెన్రీ హోబర్టుగారు గట్టిగా నిరోధించిరి. నెలల తరబడి ఊగిసలాడి, 1805 మార్చి 14న బార్క్లే వీథిలోని పునీత పేతురు దేవాలయమున శ్రీసభలో చేరెను.

ఇచ్చట నొక యాక్షేపము వినబడును: భర్తృహీనయై, అయిదుగురు బిడ్డలతో, బంధువుల దయపై బ్రదుకు స్త్రీ వారి మనస్సు నొప్పించి మతము మార్చుట తల్లి చేయదగిన పనియా? ఈ ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు. బంధువులలో ననేకులు ముఖము చాటువేసిరి. ఆమె పాఠశాల పెట్టబోగా, పిల్లలను తన మతమున గలుపుకొనునను వదంతిచే అది నిలువలేదు. 1806లో చిన్న ఆడుబిడ్డ సెసీలియా కూడ కథోలికురాలు కాగా ఆగ్రహము ఇనుమడించెను. కాని బిడ్డల యన్నము పోవునని తెలిసియు మనస్సాక్షిని దాచుకొన్న తల్లి, ఆ బిడ్డలకు సత్యమును గూర్చి యేమి చెప్పగలదు? ఆమె వారిని విడువలేదు. పొరుగుపాఠశాల బాలురకు భోజనవసతి గృహము నడిపి పోషించెను.

1808లో దుబూర్గు గురువుగారి యాహ్వానముపై బాల్టిమోరు చేరి బాలికల పాఠశాల నారంభించెను. మఱుసటియేడు ఎమిట్స్‌బర్గు గ్రామమున సోదరీమణుల సభ నేర్పడెను. 1810 ఫిబ్రవరిలో అచ్చట పేదబాలికలకు ఉచితపాఠశాల తెఱవబడెను. అసలు సంగతి ఇప్పుడు వచ్చుచున్నది. సభకు ఫ్రాన్సుదేశమునందలి విన్సెంట్ ది పాల్, లూయీస్ ది మరిల్యాక్ గార్ల సోదరీమణుల నియమావళిని స్వీకరింపదలచినప్పుడు, బిడ్డల సంరక్షణకు భంగము కలుగునెడల తాను మఠాధిపత్యమున నుండజాలనని ఆమె స్పష్టముచేసెను. తల్లిగా తన బాధ్యత మొదటిది, మిగిలినవన్నియు దాని తరువాతివి. పెద్దలు ఆ షరతునకు సమ్మతించిరి. 1812లో మార్పులతో ఆమోదము పొందిన నియమములు ఆమె మాతృత్వమునకు చోటిచ్చినవి. ఆ లూయీసమ్మయు నొక కుమారుని గన్న వితంతువే యని గుర్తుంచుకొనవలయును. వ్రతముపేర బిడ్డల నితరుల కప్పగించిన, ఆ కాలమున మెచ్చుకొనువారే యుండెడివారు. ఆమె యా మెప్పును కోరలేదు.

ఆ మాతృత్వము సుఖప్రదమైనదని చెప్పజాలము. లజరెట్టోలో త్రాడాట ఆడిన అన్నా మరియా 1812లో క్షయచే మరణించెను. కడపటిదియగు రెబెక్కా 1816లో పోయెను. కుమారు లిద్దఱును లివోర్నోలో ఫిలిక్కీవారి కొలువున వర్తకము నేర్వబోయి రాణింపలేదు. పెద్దవాడు నౌకాదళమున చేరగా, తుపాను వార్తలు వచ్చినప్పుడెల్ల ఆ తల్లి గుండె యెట్లుండెనో ఊహించుకొనవచ్చును. మఠమాత పిల్లలైనంత మాత్రమున వారు తిన్ననివారు కావలయునని నియమ మేమియు లేదు గదా!

1821 జనవరి 4న నలువదియాఱవ యేట ఎలిజబెత్తమ్మ క్షయరోగముననే కన్నుమూసెను. ఆ సమయమున చెంతనున్న కూతురు కాతెరీను. ఆమె 1846లో న్యూయార్కులోని దయామాత సోదరీమణుల సభలో చేరి, పెక్కేండ్లు చెఱసాలలలోని ఖైదీలను దర్శించుచు, 1891లో మరణించెను.