మార్కులు సరే, మెడ సంగతేమిటి?

"నిలువు వృత్తంలో చలనం" అనగానే మనందరికీ గుర్తొచ్చేది ఒక్కటే. అడుగున వేగం రూట్ ఫైవ్ జీ ఆర్ వుండాలి! ఇంటర్మీడియట్‌లో బట్టీ పట్టాం, రాశాం, మార్కులు తెచ్చుకున్నాం. నేనూ అంతే.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు సెల్‌ఫోన్‌లో ఒక పాత వీడియో నాన్నకు చూపించాను. అమెరికాలో, కాలిఫోర్నియాలోని నాట్స్ బెర్రీ ఫామ్ పార్కులో 1978లో పెట్టిన షటిల్ లూప్ రోలర్ కోస్టర్ అది. పేరు మాంటెజూమాస్ రివెంజ్. 2022లో మరమ్మతుల కోసం ఆపారు. రైలు ఒక్క ఊపున బయల్దేరి, 76 అడుగుల లూప్‌లో తలకిందులుగా తిరిగి, ఎదుట నిటారుగా లేచిన పట్టాల మీద ఎక్కినంత ఎక్కి ఆగుతుంది. వెంటనే వెనక్కి జారి, మళ్ళీ లూప్ తిరిగి, స్టేషను దాటి వెనకవైపు ఎక్కి, దిగివచ్చి ఆగుతుంది. వెళ్ళిన దారినే రావడం కనక షటిల్.

నాన్న రెండు ప్రశ్నలడిగాడు. "ఇంజను కనపడదే, దీన్నెవరు నెట్టార్రా? ఆ మెలిక గుండ్రంగా లేదేం, పైన సన్నబడిందేం?"

బియ్యెస్సీ వెలగబెడుతున్న నేను రూట్ ఫైవ్ జీ ఆర్ అని గొణిగాను. నా ఫీజు కోసం పాడిగేదెను అమ్మిన మనిషి. "సర్లే, ముందు ముందు చెప్తారేమో" అని లేచిపోయాడు. నవ్వినా బాగుండేది!

తిరిగొచ్చాక వెతికి చదివాను. ఆ రైలును నెట్టింది ఒక బరువైన చక్రం, అంటే ఫ్లైవీల్. మోటారు దాన్ని నిదానంగా తిప్పి శక్తిని కూడబెట్టేది. క్లచ్ పడగానే ఆ శక్తి కేబుల్ ద్వారా రైలును తోసేది. అయిదు సెకన్ల లోపే గంటకు సుమారు 88 కిలోమీటర్ల వేగం! జర్మనీకి చెందిన ఆంటన్ ష్వార్జ్‌కోఫ్ కట్టిన కోస్టర్ ఇది.

ఇక లూప్ సంగతి. మనం పరీక్షలో గీసే సంపూర్ణ వృత్తాన్ని నిజంగానే కట్టారు. 1895లో, న్యూయార్క్ కోనీ ఐలండ్‌లో, ఫ్లిప్ ఫ్లాప్ అని. ఎక్కినవాళ్ళకు మెడలు పట్టేశాయి. ఎందుకు? మన లెక్క ప్రకారమే అడుగున మనిషి మీద ఆరు రెట్ల బరువు పడుతుంది. 50 కిలోల మనిషి 300 కిలోలవుతాడు. అంటే నాలుగు ధాన్యం బస్తాలు! అదీ క్రమంగా కాదు, వృత్తంలో అడుగుపెట్టగానే ఒక్కసారిగా.

వేగం ఎక్కువున్న అడుగున వంపును విశాలంగా, వేగం తగ్గే పైభాగాన బిగువుగా పెడితే బరువు తగ్గుతుంది. వంపును మెల్లమెల్లగా పెంచితే కుదుపు పోతుంది. దీన్నే క్లోథాయిడ్ వక్రం అంటారు. ఇంజనీరు వెర్నర్ స్టెంగెల్ 1976లో ష్వార్జ్‌కోఫ్ కోస్టర్‌కే ఇలాంటి లూప్ గీశాడు. నాన్న కంటపడింది ఈ ఆకారమే.

అంటే మనకు ఫుల్ మార్కులొచ్చిన జవాబు, మనుషుల మెడలు పట్టేయించిన 1895 నాటి జవాబన్నమాట! తప్పు లెక్కారులది కాదు. వాళ్ళకు సిలబస్ పూర్తి చెయ్యాలనే తొందర. మొదట నేర్చుకునేవాడికి వృత్తమే సులువు, అదీ ఒప్పుకుంటాను. కానీ "ఈ వృత్తంలో మనిషిని కూర్చోబెడితే ఏమవుతుంది?" అన్న ఒక్క ప్రశ్న అడగడానికి సిలబస్ అడ్డమా? అడగనిది మనమే కదా!

అందుకే యూనియన్ వారికి నా మనవి. ఫంక్షన్లకు పెట్టే ఖర్చులో కొంచెం మిగిల్చి, నెలకొక శనివారం సాయంత్రం పెట్టండి. కరెంటు పైపును నిలువునా చీరి లూపుగా వంచి, గోళీ వదిలి చూద్దాం. గుండ్రటిది ఒకటి, పైన సన్నబడింది ఒకటి. అడగదలుచుకున్నవాళ్ళు అడుగుతారు.

నామట్టుకు నేను ఈ వేసవికి ఇంటికెళ్ళి, గడ్డి కోసే మిషను చక్రం ఒకసారి తిప్పి వదిలేస్తాను. చెయ్యి తీసేసినా అది తిరుగుతూనే వుంటుంది. "రైలును నెట్టింది ఇదే నాన్నా" అని చెబుతాను. గేదె బాకీలో కొంతైనా తీరుతుంది.