కోచ్‌ను మార్చేయండి అనే ముందు



ఈ సంచికలో ఆటల గురించి, ఆటలు నేర్పేవాళ్ల గురించి, ఓడిన రోజున మనం మాట్లాడే మాటల గురించి కాస్త చెప్పుకుందాం. చదివాక ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు. ఒకసారి ఆలోచిస్తే చాలు.

మద్దిలపాలెం నుంచి హైవే మీద హనుమంతవాక, ఎండాడ దాటి వెళ్తే పీఎం పాలెం క్రికెట్ స్టేడియం వస్తుంది. 2025 అక్టోబరు 12, ఆదివారం నాడు అక్కడ మహిళల వన్డే ప్రపంచకప్ మ్యాచ్ జరిగింది. మీలో కొందరు పిల్లలతో సహా వెళ్లే ఉంటారు. మిథాలీ రాజ్ పేరు, మన ఆంధ్ర అమ్మాయి రావి కల్పన పేరు స్టాండ్లకు పెట్టింది కూడా ఆ రోజే. భారత్ 330 పరుగులు చేసింది. ఇక గెలిచినట్టే అనుకున్నాం. ఆస్ట్రేలియా ఇంకా ఒక ఓవర్ మిగిలి ఉండగానే కొట్టేసింది. అప్పటికి మహిళల వన్డేల్లో అంత పెద్ద లక్ష్యాన్ని ఎవరూ ఛేదించలేదు. అంతకు మూడు రోజుల ముందే, ఇదే మైదానంలో, దక్షిణాఫ్రికా చేతిలోనూ ఓడిపోయాం.

ఆ రాత్రి నుంచి మన ఫోన్లలో తిరిగిన మాటలు గుర్తున్నాయా? ఐదుగురు బౌలర్లతోనే ఆడటం ఏమిటి? కోచ్‌కు ఆమాత్రం తెలియదా? అసలు ఇండియాకు ఒక్క మ్యాచ్ కూడా ఆడని మనిషిని కోచ్‌గా ఎవరు పెట్టారు?

సరిగ్గా అదే ఆదివారం అమెరికాలో ఇంకో కోచ్ ఉద్యోగం పోయింది. అక్కడ చదువుకుంటున్న మన పిల్లలను అడిగితే చెబుతారు, యూనివర్సిటీ ఫుట్‌బాల్ అంటే అక్కడ ఎంత పిచ్చో. అది మనం ఆడే ఫుట్‌బాల్ కాదు, కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. పెన్‌సిల్వేనియాలోని పెన్ స్టేట్ యూనివర్సిటీ స్టేడియంలో లక్ష మందికి పైగా కూర్చోవచ్చు. జేమ్స్ ఫ్రాంక్లిన్ 2014 నుంచి ఆ జట్టుకు హెడ్ కోచ్. అంతకు ముందు సీజన్‌లోనే జట్టును జాతీయ స్థాయి సెమీఫైనల్‌కు తీసుకెళ్లాడు. కొత్త సీజన్ మొదలయ్యేటప్పటికి దేశంలో రెండో ర్యాంకు. తర్వాత వరుసగా మూడు ఓటములు. సొంత స్టేడియంలో సొంత అభిమానులే అతన్ని తీసేయాలని అరిచారు. మూడో ఓటమి మర్నాడే తీసేశారు. మిగిలిన ఒప్పందం కింద దాదాపు 4.9 కోట్ల డాలర్లు ఇవ్వాల్సి వస్తుందని వార్తలు వచ్చినా యూనివర్సిటీ ఆగలేదు.

మన అమ్మాయిలకు కూడా ఆ నెలలో వరుసగా మూడు ఓటములే. విశాఖలో రెండు, 19న ఇండోర్‌లో ఇంగ్లండ్ మీద మూడోది, అదీ కేవలం 4 పరుగుల తేడాతో. ఇక్కడ మాత్రం ఎవరూ కోచ్‌ను తీసేయలేదు. తర్వాత ఏమైందో మీకు తెలుసు. అక్టోబరు 30న సెమీఫైనల్‌లో అదే ఆస్ట్రేలియా మీద 339 పరుగుల లక్ష్యాన్ని ఛేదించాం. విశాఖలో ఆస్ట్రేలియా పెట్టిన రికార్డు 18 రోజులకే చెరిగిపోయింది. నవంబరు 2న నవీ ముంబయిలో దక్షిణాఫ్రికాను 52 పరుగుల తేడాతో ఓడించి కప్పు గెలిచాం. ఆ జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి కూడా ఉంది.

ఆ కోచ్ పేరు అమోల్ మజుందార్. దేశవాళీ క్రికెట్‌లో 11 వేలకు పైగా పరుగులు చేసినా ఇండియా టోపీ దక్కని మనిషి. 1988లో ముంబయి స్కూళ్ల హారిస్ షీల్డ్ పోటీలో సచిన్, కాంబ్లీ కలిసి 664 పరుగులు చేస్తుంటే, తర్వాత దిగాల్సిన బ్యాటర్‌గా ప్యాడ్లు కట్టుకుని కూర్చున్నది ఆయనే. కెరీర్ చివర్లో మన ఆంధ్ర రంజీ జట్టుకూ ఆడారు.

ఇక్కడితో ఆపేసి, చూశారా, ఓపిక పడితే కప్పు వస్తుంది అనేస్తే చాలా తేలిక. అది నిజం కాదు. ఓపిక పట్టినా కప్పు రాని జట్లు కోకొల్లలు. పెన్ స్టేట్ వాళ్లు ఫ్రాంక్లిన్‌ను ఉంచుకుంటే గెలిచేవారో లేదో ఎవరూ చెప్పలేరు. నేను చెప్పదలచుకున్నది వేరు.

విమర్శ వేరు, వేట వేరు

ఐదుగురు బౌలర్లు చాలరన్న విమర్శలో నిజం ఉంది. జట్టు కూడా దాన్ని పట్టించుకుంది. ఇండోర్ మ్యాచ్‌కు ఆరో బౌలర్‌గా రేణుకా సింగ్‌ను తీసుకుని, బ్యాటర్ జెమీమా రోడ్రిగ్స్‌ను పక్కన పెట్టారు. అంటే జనం అడిగిందే జరిగింది. అయినా 4 పరుగుల తేడాతో ఓడిపోయాం. తర్వాతి మ్యాచ్‌కు ఇద్దరినీ ఆడించే దారి వెతికారు. న్యూజిలాండ్ మీద జెమీమా 76 నాటౌట్. సెమీఫైనల్‌లో 127 నాటౌట్.

సమస్య ఎక్కడుందో బయట నుంచి చూసేవాళ్లకు కనిపించవచ్చు. దాన్ని ఎలా సరిచేయాలో రెండు మూడు సార్లు ప్రయత్నించి తెలుసుకోవాల్సింది మాత్రం లోపల ఉన్నవాళ్లే. "ఆరో బౌలర్ కావాలి" అన్నది విమర్శ. దాంతో పని జరుగుతుంది. "వాణ్ని పీకేయండి" అన్నది వేట. దాంతో జరిగేది ఒక్కటే, ఆ మనిషి తర్వాతి ప్రయత్నం చేయడానికి భయపడతాడు.

పురుషుల జట్టు సంగతి చూడండి. నవంబరు 26న గువాహటిలో దక్షిణాఫ్రికా చేతిలో 408 పరుగుల తేడాతో టెస్టు ఓడిపోయాం. స్టేడియంలోనే కొందరు "గౌతమ్ గంభీర్ హాయ్ హాయ్" అని నినాదాలు చేశారు. మన భాషలో డౌన్ డౌన్ అన్నమాట. సరిగ్గా పది రోజులకు, డిసెంబరు 6న, మన విశాఖలో అదే దక్షిణాఫ్రికాను వన్డేలో 9 వికెట్ల తేడాతో ఓడించాం. కోచ్ అతనే. పది రోజుల్లో అతనికి కొత్తగా తెలివి రాలేదు. ఆట ఫార్మాట్ మారింది, టెస్టులు మానేసిన రోహిత్, కోహ్లీ వన్డే జట్టులో ఉన్నారు. అలాగని గంభీర్‌ను ఏమీ అడగకూడదని కాదు. సొంతగడ్డ మీద 2024లో న్యూజిలాండ్‌తో 0-3, 2025లో దక్షిణాఫ్రికాతో 0-2 ఓడిన జట్టు కోచ్‌ను కచ్చితంగా అడగాలి. ఆ ప్రశ్నలకు ఫలానా నిర్ణయం ఎందుకు తీసుకున్నారన్న రూపం ఉండాలి. నినాదానికి ఆ రూపం ఉండదు.

మన తెలుగు నేల మీదే ఇంతకంటే పాత ఉదాహరణ ఉంది. హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తిరీత్యా స్కూలు టీచరు. భారత ఫుట్‌బాల్ జట్టుకు కోచ్. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం. మర్నాటి ఏడాదే హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10 ఓటమి. ఆ చలిలో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఆడారు. పది గోల్స్ తిన్న కోచ్‌ను ఈ రోజుల్లో ఎయిర్‌పోర్టు దాటనిస్తామా? ఆ తర్వాత కూడా జట్టు ఆయన చేతిలో ఉంది కాబట్టే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మళ్లీ స్వర్ణం వచ్చాయి. ఆ ఫైనల్‌లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించే నాటికి ఆయన క్యాన్సర్‌తో ఉన్నారు. మర్నాటి ఏడాది కన్నుమూశారు.

మన గ్రౌండ్‌లో ఏం జరుగుతోంది

ఇవన్నీ పెద్ద ఆటలు. కోట్ల జీతాలు తీసుకునే కోచ్‌లు నాలుగు మాటలు పడతారులే అనుకోవచ్చు. మన పీఈటీ సారు సంగతేమిటి?

ఏ స్కూల్లోనైనా ఇంటర్ స్కూల్ పోటీల సీజన్ వచ్చిందంటే ఇదే వరస. కబడ్డీలోనో ఖోఖోలోనో మన పిల్లలు మొదటి రౌండ్‌లోనే ఓడిపోతారు. బస్సు స్కూలుకు చేరకముందే పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్‌లు మొదలవుతాయి. సారుకు ఆట తెలియదు. మావాణ్ని కూర్చోబెట్టి వాళ్లబ్బాయిని ఆడించారు. వచ్చే ఏడాది ఈ సారు ఉంటే మా పిల్లను పంపం. గెలిస్తే మావాడి గొప్ప, ఓడితే సారు తప్పు.

దీనివల్ల సారు మనసు నొచ్చుకుంటుందని చెప్పడం నా ఉద్దేశం కాదు. అంతకంటే పెద్ద నష్టాలు రెండున్నాయి. రెండూ మన పిల్లలకే.

మొదటిది. జనానికి భయపడే కోచ్ రిస్కు తీసుకోడు. పోయినేడాది బాగా ఆడిన ఏడుగురినే ఈ ఏడాదీ దింపుతాడు. ఏడో తరగతి పిల్లాడికి ఒక అవకాశం ఇచ్చి చూద్దాం, బొద్దుగా ఉన్న ఈ పాపను గోల్‌లో నిలబెట్టి చూద్దాం అనుకోడు. ఓడితే ఆ పేరు తనమీదే పడుతుందని అతనికి తెలుసు. జట్టులో ఆడేది ఏడుగురో పదకొండు మందో. గట్టున కూర్చునేది మిగతా సెక్షన్ అంతా. మీ బాబు ఎటువైపు ఉన్నాడో ఒకసారి చూసుకోండి. మనం కోచ్ మీద అరిచిన ప్రతిసారీ ఆ గట్టున కూర్చున్న పిల్లల వంతు ఇంకో ఏడాది వెనక్కి పోతుంది.

రెండోది. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెతను మనమే పిల్లలకు నేర్పుతున్నాం. ఓడి ఇంటికొచ్చిన పిల్లాడి ముందు "మీ సారే సరిగ్గా లేడు" అంటే, ఆ క్షణానికి వాడికి ఊరటగా ఉంటుంది. తర్వాత యూనిట్ టెస్టులో మార్కులు తగ్గితే లెక్కల మాస్టారు సరిగ్గా చెప్పలేదంటాడు. ఇంటర్‌లో తగ్గితే కాలేజీ బాగోలేదంటాడు. ఉద్యోగంలో మేనేజర్. ఎక్కడా తన అడుగు ఎక్కడ తడబడిందో చూసుకునే అలవాటు రాదు. ఆటల పీరియడ్ పెట్టుకున్నదే ఆ అలవాటు కోసం. అక్కడే దాన్ని చెడగొట్టుకుంటే ఇంకెక్కడ నేర్పుతాం?

ఇందులో స్కూలు బాధ్యత కూడా ఉంది. నాలుగు ఫోన్లు వచ్చాయని కోచ్‌ను ఇంకో బ్రాంచికి మార్చేస్తే, అరిస్తే పని జరుగుతుందని తల్లిదండ్రులకు స్కూలే నేర్పినట్టు. కనీసం రెండు మూడేళ్లు ఒకే కోచ్ దగ్గర ఉంటే తప్ప ఆరో తరగతి పిల్లలు తొమ్మిదో తరగతికి జట్టుగా తయారవరు. ఈ మాట మా యాజమాన్యానికీ వర్తిస్తుంది.

ఎప్పుడు ఊరుకోకూడదు

ఓపిక పట్టమన్నానని అన్నింటికీ ఊరుకోమని కాదు. కోచ్ పిల్లల మీద చెయ్యి చేసుకున్నా, నలుగురిలో శరీరం గురించో కులం గురించో హేళన చేసినా, దెబ్బ తగిలిన పిల్లను బలవంతంగా ఆడించినా, మండే ఎండలో నీళ్లు తాగనివ్వకపోయినా, పిల్లలతో అసభ్యంగా ప్రవర్తించినా ఒక్క రోజు కూడా ఆగకండి. వాట్సాప్ గ్రూపులో కాదు, అదే రోజు ప్రిన్సిపల్‌కు రాసివ్వండి. అవసరమైతే చైల్డ్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. పిల్లలను కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది. కప్పులు ఎన్ని తెచ్చిన కోచ్ అయినా దీనికి మినహాయింపు లేదు. స్కోరుబోర్డు చూసి కోచ్‌ను తిట్టేవాళ్లం, గెలిపిస్తున్నాడని కొట్టే కోచ్‌ను చూసీచూడనట్టు ఊరుకుంటున్నామా అన్నది కూడా మనల్ని మనం అడగాల్సిన ప్రశ్నే.

మిగతా విషయాలకు పేరెంట్ టీచర్ మీటింగ్ ఉంది. అక్కడ కోచ్‌ను ఈ మూడు ప్రశ్నలు అడిగి చూడండి.

1. జూన్‌లో మా పిల్లకు రానిది, ఇప్పుడు వచ్చింది ఏమిటి?
2. ఈ ఏడాది జట్టులో ఎంతమంది కొత్తవాళ్లకు నిజంగా ఆడే అవకాశం వచ్చింది?
3. ఓడిన మ్యాచ్ తర్వాత ప్రాక్టీసులో ఏం మార్చారు?

సమాధానం చెప్పలేని కోచ్ ఉంటే, అప్పుడు మీ అసంతృప్తికి ఆధారం ఉన్నట్టు. ఆ మాట ప్రిన్సిపల్ దగ్గర ధైర్యంగా చెప్పండి. సమాధానం చెప్పగలిగితే, ఓడినా సరే, ఆ కోచ్‌కు ఇంకో ఏడాది ఇవ్వండి.

ఇక ఓడిన రోజు సాయంత్రం మాట. బండి మీదో ఆటోలోనో ఇంటికి తీసుకెళ్తూ మ్యాచ్ గురించి విచారణ పెట్టకండి. ఆకలిగా ఉందేమో అడగండి. తినడానికి ఏదైనా పెట్టించండి. రాత్రి వాడంతట వాడే మొదలుపెడితే వినండి. "సారు నన్ను ఆడించలేదు" అంటే, "రేపు వెళ్లి, నేను ఏం మెరుగుపరుచుకుంటే ఆడిస్తారో సారునే అడుగు నాన్నా" అని చెప్పండి. అడగాల్సింది వాడు, మనం కాదు. పెద్దవాళ్లతో మర్యాదగా, భయపడకుండా అడగడం కూడా ఆటలో భాగమే.

సంక్రాంతి సెలవుల తర్వాత పిల్లలు మళ్లీ గ్రౌండ్‌లోకి దిగుతారు. మీరు రండి, గట్టు మీద కూర్చోండి, గొంతు పోయేలా అరవండి. అవతలి స్కూలు పిల్లలు మంచి ఆట ఆడితే వాళ్లకూ రెండు చప్పట్లు కొట్టండి. విజిల్ మోగాక ఎవరు గెలిచినా, వెళ్లే ముందు మన పిల్లలతో కోచ్‌కు "థాంక్యూ సర్" అని చెప్పించండి.

— వ్యాయామ విద్యా విభాగం, మద్దిలపాలెం బ్రాంచ్